ఖాళీ ఉన్నా ఇరుకే: రేడియో స్పెక్ట్రమ్‌ను పంచుకోవడంలో అసలు చిక్కు

2005లో షికాగోలో ఒక ఎత్తైన భవనం మీద యాంటెనాలు బిగించి, 30 మెగాహెర్ట్జ్ నుంచి 3 గిగాహెర్ట్జ్ వరకూ ఏ ఫ్రీక్వెన్సీలో ఎంతసేపు సిగ్నల్ కనిపిస్తోందో కొలిచారు. టీవీ, రేడియో, మొబైల్, పోలీసు వైర్‌లెస్, విమానాలు, రాడార్లు అన్నీ కలిపితే తేలిన సగటు వాడకం సుమారు 17 శాతం. కాగితాల మీద చూస్తే మాత్రం ఆ బ్యాండ్లలో దాదాపు ప్రతి ముక్కా అప్పటికే ఎవరో ఒకరి పేరున రాసి ఉంది. కొత్తగా వచ్చినవాడికి చోటు లేదు.

ఇంకోవైపు, ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో వై-ఫై జాబితా తెరిచి చూడండి. ఇరవై ముప్పై పేర్లు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్ళు సాధారణంగా మూడే: 1, 6, 11. ఆ రూటర్లన్నీ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. నెట్‌కు డబ్బు బాగానే కడుతున్నా వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది.

రెండూ నిజాలే. స్పెక్ట్రమ్ అంటే వాడుకోగల రేడియో ఫ్రీక్వెన్సీల మొత్తం. దాని కొరత అని మనం పిలిచేదాంట్లో చాలా భాగం నిజానికి సమాచారం కొరత అని నాకనిపిస్తుంది. పక్కవాడు ఎప్పుడు, ఎక్కడ, ఎంత గట్టిగా వాడుతున్నాడో తెలియాలి. అది తెలుసుకోవడానికి సమయమో, పవరో, డబ్బో ఏదో ఒకటి ఖర్చవుతుంది. గత యాభై ఏళ్ళలో వచ్చిన పంపకం పద్ధతులన్నీ ఆ ఖర్చును ఎవరి నెత్తిన వేయాలన్న ప్రశ్నకు తలా ఒక జవాబు చెప్పాయి.

గట్టిగా అరిస్తే ఏమవుతుంది?

ముందుగా ఒక లెక్క చూడాలి. 1948లో గణితవేత్త క్లాడ్ షానన్ తేల్చిన దాని ప్రకారం, ఒక ఛానెల్‌లో తప్పుల్లేకుండా సెకనుకు ఎన్ని బిట్లు పంపగలమన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: ఛానెల్ వెడల్పు, సిగ్నల్‌కూ రొదకూ ఉన్న నిష్పత్తి. ఆ నిష్పత్తి మారకుండా వెడల్పు రెట్టింపైతే వేగమూ రెట్టింపవుతుంది. పవర్ పెంచితే మాత్రం అంత లాభం ఉండదు. రొదకన్నా సిగ్నల్ వెయ్యి రెట్లు బలంగా ఉన్నచోట ఒక్కో హెర్ట్జ్‌కు సెకనుకు దాదాపు 10 బిట్లు వెళతాయి. పవర్ రెండింతలు చేస్తే 11. వంద శాతం ఖర్చు పెంచితే వచ్చింది పది శాతం!

పైగా నేను పెంచిన పవర్ పక్కవాడికి రొదగా చేరుతుంది. వాడూ ఊరుకోడు, తనూ పెంచుతాడు. చివరికి ఇద్దరి వేగమూ మొదట ఉన్నచోటే ఉంటుంది, బ్యాటరీలు మాత్రం అయిపోతాయి. అందుకే పవర్ మీద పరిమితి అన్ని దేశాల నిబంధనల్లోనూ ఉంటుంది. ఇక మిగిలిన దారులు: ఫ్రీక్వెన్సీని ముక్కలు చేయడం, సమయాన్ని ముక్కలు చేయడం, దూరాన్ని వాడుకోవడం, ఒక్కొక్కరికీ ఒక్కో కోడ్ ఇచ్చి అందరినీ ఒకేసారి మాట్లాడనివ్వడం. 2జీ మొబైల్ పద్ధతి జీఎస్ఎం మొదటి రెండూ కలిపింది: 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో ఫ్రీక్వెన్సీ ముక్కలో ఎనిమిది టైమ్‌స్లాట్లు. సీడీఎంఏ కోడ్‌ల దారి పట్టింది. అందులో టవర్ దగ్గరున్న ఫోన్ దూరంగా ఉన్న ఫోన్‌ను నోరెత్తనివ్వదు కాబట్టి, మొదటితరం సీడీఎంఏలో టవర్ ప్రతి ఫోన్‌కూ సెకనుకు 800 సార్లు 'తగ్గించు, పెంచు' అని చెబుతూ ఉండేది. పంపకం సాఫీగా సాగాలంటే ఎంత గొణుగుడు అవసరమో చూడండి.

ఎవరికీ ఏమీ తెలియకపోతే

ఆ గొణుగుడు అస్సలు లేకపోతే? 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం వేర్వేరు దీవుల్లోని కేంద్రాలను రేడియోతో ఒక కంప్యూటర్‌కు కలిపింది. దాని పేరు అలోహానెట్. నియమం ఇంతకన్నా సులువుగా ఉండదు: ప్యాకెట్ (ఒక విడతలో పంపే డేటా ముక్క) సిద్ధమైతే పంపెయ్. అందినట్టు కబురు రాకపోతే ఎంతో కొంత సేపు ఆగి మళ్ళీ పంపు. ఎంతసేపు ఆగాలన్నది లాటరీ వేసుకున్నట్టు ఎవరికి వారు తేల్చుకోవాలి. లేకపోతే ఢీకొన్న ఇద్దరూ మళ్ళీ ఒకేసారి వచ్చి మళ్ళీ ఢీకొంటారు.

ఈ పద్ధతిలో ఒక ప్యాకెట్ బతికి బట్టకట్టాలంటే, అది వెళుతున్నంతసేపూ ఇంకెవరూ మొదలుపెట్టకూడదు. అది మొదలవడానికి ముందు ఒక ప్యాకెట్ కాలంలో కూడా ఎవరూ మొదలుపెట్టి ఉండకూడదు. అంటే రెండు ప్యాకెట్ల నిడివి నిశ్శబ్దం కావాలి. లెక్క వేస్తే ఛానెల్‌లో ఎంత బాగా వాడినా పనికొచ్చేది 18.4 శాతం. మరుసటి ఏడాది లారెన్స్ రాబర్ట్స్ ఒక చిన్న మార్పు సూచించారు: అందరి గడియారాలూ కలిపి, స్లాట్ మొదట్లోనే పంపాలని నియమం పెట్టండి. ప్రమాదం ఉన్న కాలం సగానికి తగ్గి, సామర్థ్యం 36.8 శాతానికి పెరిగింది. 'ఇప్పుడు టైమెంత' అన్న ఒక్క సంగతి అందరికీ తెలిసినందుకు వచ్చిన రెట్టింపు అది.

ఈ పద్ధతికి ఉన్న జబ్బు ఇంకొకటి: రద్దీ ఒక హద్దు దాటాక పనికొచ్చే ప్యాకెట్లు పెరగకపోగా తగ్గుతాయి. ఢీకొన్నవి మళ్ళీ వస్తాయి, అవి కొత్తవాటిని ఢీకొంటాయి, అవీ మళ్ళీ వస్తాయి. అలాగని దీన్ని పాత సామాను కింద తీసిపారేయలేం. మీ ఫోన్ టవర్‌ను మొదటిసారి పలకరించేది ఈ స్లాట్ల పద్ధతిలోనే, ఎందుకంటే అంతకుముందు ఆ ఫోన్ ఉన్నట్టు టవర్‌కు తెలియదు. గోదాముల్లో సరుకులకు అతికించే ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు రీడర్‌కు జవాబిచ్చేదీ ఇదే పద్ధతిలో.

వై-ఫై: విని మాట్లాడు

మాట్లాడే ముందు వినడం దీని తర్వాతి మెట్టు. వై-ఫై అంతా దీని మీదే నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో ఒక ప్యాకెట్ ప్రయాణాన్ని దగ్గరగా చూద్దాం. ముందు ఛానెల్ 34 మైక్రోసెకన్లు నిశ్శబ్దంగా ఉందని ఖాయం చేసుకోవాలి. తర్వాత 0 నుంచి 15 లోపు ఏదో ఒక అంకె ఎంచుకుని, ఒక్కో అంకెకు 9 మైక్రోసెకన్ల చొప్పున వెనక్కి లెక్కపెట్టాలి. మధ్యలో ఎవరైనా మొదలుపెడితే లెక్క ఆపి, వాళ్ళది అయ్యాక ఆగినచోటు నుంచి కొనసాగించాలి. సున్నా రాగానే పంపాలి. ముందు 20 మైక్రోసెకన్ల పలకరింపు, తర్వాత అసలు డేటా, తర్వాత 16 మైక్రోసెకన్ల విరామం, ఆపైన 'అందింది' అని అవతలి జవాబు. జవాబు రాకపోతే ఢీకొన్నట్టే లెక్క. అప్పుడు అంకె ఎంచుకునే పరిధి 31కి, తర్వాత 63కి, అలా 1023 దాకా పెరుగుతుంది.

ఇప్పుడు కూడండి. 1500 బైట్ల ప్యాకెట్‌ను 54 ఎంబీపీఎస్ వేగంతో పంపడానికి పట్టేది దాదాపు 225 మైక్రోసెకన్లు. దాని చుట్టూ ఉన్న వినడం, లెక్కపెట్టడం, పలకరింపు, జవాబు కలిపితే సగటున ఇంకో 165. పోటీకి ఒక్కడూ లేకపోయినా 54 కాస్తా 30 అవుతుంది. పెట్టె మీద అంకెకూ చేతికందే వేగానికీ తేడా ఎందుకని అడిగితే చాలామంది కంపెనీ మోసం అంటారు. అందులో పెద్ద వాటా ఈ మర్యాదలదే.

తమాషా ఏమిటంటే వేగం పెరిగేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. అదే ప్యాకెట్‌ను 600 ఎంబీపీఎస్‌తో పంపితే డేటాకు 20 మైక్రోసెకన్లు చాలు. మర్యాదలు మాత్రం తగ్గవు. ఒక్కో ప్యాకెట్‌కూ అదే తంతు నడిపితే అసలు వేగం 60 దగ్గరే ఆగిపోతుంది. అందుకే 2009 నాటి వై-ఫై ప్రమాణం 802.11ఎన్ నుంచి చాలా ప్యాకెట్లను ఒక మూటగా కట్టి, ఒకే వంతులో పంపడం మొదలైంది. రేడియో వేగం ఎంత పెంచినా ఈ మూట కట్టడం లేకపోతే ఆ పెంపు దండగ.

ఇదంతా అందరూ నిజాయతీగా అంకె ఎంచుకుంటారన్న నమ్మకం మీద నడుస్తోంది. ఎవడైనా తన వై-ఫై సాఫ్ట్‌వేర్‌లో ఆ పరిధిని 15 బదులు 3 అని మార్చుకుంటే వాడి వంతు అందరికన్నా ముందొస్తుంది. అందరూ అదే పని చేస్తే ఎవరి ప్యాకెట్టూ బతకదు.

వినేది ఒకచోట, పాడయ్యేది మరోచోట

వినడంలో ఒక మౌలికమైన లోపం ఉంది. రేడియో తరంగాలు గాలిలో ఒకదాన్నొకటి ఏమీ చేసుకోవు. ఒకదానిలోంచి ఒకటి దాటి వెళ్ళిపోతాయి. గొడవ జరిగేది రెండూ ఒకేసారి చేరిన రిసీవర్‌లో. కానీ వై-ఫైలో వినేది పంపేవాడు. హాల్లో రూటర్ ఉందనుకోండి. ఈ చివరి గదిలో ఫోన్, ఆ చివరి గదిలో ల్యాప్‌టాప్. రెండిటికీ రూటర్ వినిపిస్తుంది, గోడల వల్ల ఒకదానికొకటి వినిపించవు. రెండూ 'నిశ్శబ్దంగానే ఉందిగా' అనుకుని ఒకేసారి పంపుతాయి. రూటర్ దగ్గర రెండూ పాడవుతాయి. దాగిన టెర్మినల్ సమస్య అనే దీన్ని 1975లోనే టొబాగి, క్లైన్‌రాక్ అనే పరిశోధకులు లెక్కలతో సహా విడమర్చారు.

దీనికి వై-ఫైలో ఉన్న మందు: పంపే ముందు 'పంపనా' అని అడగడం, రూటర్ 'పంపు' అని అందరికీ వినబడేలా చెప్పడం. ల్యాప్‌టాప్‌కు ఫోన్ మాట వినిపించకపోయినా రూటర్ జవాబు వినిపిస్తుంది కాబట్టి ఆగుతుంది. రిసీవర్ నోటితో చెప్పించారన్నమాట. కానీ ఈ అడగడం, చెప్పడం మళ్ళీ ఖర్చే. చిన్న ప్యాకెట్లకు అడిగే ఖర్చు పంపే ఖర్చును మించిపోతుంది. కాబట్టి చాలా రూటర్లు దీన్ని అవసరమైతే తప్ప వాడవు.

దీనికి అద్దంలో బొమ్మలాంటి సమస్య కూడా ఉంది. పక్కింటి రూటర్ మాట వినిపించి నేను ఆగిపోతాను. కానీ నేను పంపాల్సిన ఫోన్ నా బల్ల మీదే ఉంది, పక్కింటివాళ్ళ ఫోన్ వాళ్ళ చివరి గదిలో ఉంది. ఇద్దరం కలిసి పంపినా ఎవరికీ నష్టం ఉండేది కాదు. అనవసరపు మర్యాద. వై-ఫై 6లో ప్రతి నెట్‌వర్క్‌కూ 'రంగు' అని ఒక అంకె ఇచ్చింది ఇందుకే. వినిపిస్తున్నది వేరే రంగు ప్యాకెట్ అయితే, అది మరీ బలంగా లేనప్పుడు పవర్ తగ్గించుకుని పని కానిచ్చుకోవచ్చు.

ఎంత బలంగా వినిపిస్తే ఆగాలన్నది ఇంజనీర్లు పెట్టుకున్న అంకె, ప్రకృతి ఇచ్చిందేమీ కాదు. వై-ఫై సాధారణంగా తన జాతి పలకరింపును −82 డీబీఎం దగ్గర గుర్తుపట్టి ఆగుతుంది (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ). భాష తెలియని ఇతర సిగ్నల్ అయితే −62 దాకా పట్టించుకోదు. ఆ 20 డెసిబెల్ల తేడా అంటే వంద రెట్లు. 2015 ప్రాంతంలో మొబైల్ కంపెనీలు ఎల్‌టీఈని (4జీని) 5 గిగాహెర్ట్జ్ ఉచిత బ్యాండ్‌లోకి తెస్తామన్నప్పుడు వై-ఫై వర్గం భగ్గుమన్నది ఇలాంటి అంకెల మీదే. వినకుండా కాసేపు మాట్లాడి కాసేపు ఆగే పద్ధతి ఒకటి, విని మాట్లాడే పద్ధతి ఇంకొకటి ముందుకొచ్చాయి. రెండోదానికి పెట్టిన హద్దు −72. సరిగ్గా మధ్యలో! శాస్త్రమా, బేరమా అంటే నేను రెండోదే అంటాను.

అందరికీ సమానం అంటే ఏమిటి?

'సమర్థంగా పంచడం' అన్న మాట ఎక్కడ జారిపోతుందో చూపడానికి ఇద్దరు చాలు. రూటర్ పక్కనే ఉన్న ల్యాప్‌టాప్ 300 ఎంబీపీఎస్‌తో పంపగలదు. దూరపు గదిలోని పాత ఫోన్ 6 ఎంబీపీఎస్‌తోనే పంపగలదు. మర్యాదల ఖర్చు పక్కన పెట్టి, ఒక్కో ప్యాకెట్టే వెళుతుందనుకుందాం. వై-ఫై ఇద్దరికీ సమానంగా వంతులిస్తుంది: నీదొక ప్యాకెట్, వాడిదొక ప్యాకెట్. ఫోన్ ప్యాకెట్ ల్యాప్‌టాప్ ప్యాకెట్ కన్నా యాభై రెట్లు ఎక్కువ సేపు గాలిని ఆక్రమిస్తుంది. ఫలితంగా ఇద్దరికీ దక్కేది చెరి 5.9. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒకరి చేతిలో ఒక వస్తువు, ఇంకొకరి బండినిండా సామాను ఉండగా 'ఒకరి తర్వాత ఒకరు' అంటే క్యూ నడక బండివాడి నడకే అయినట్టు, మూడు వందల సత్తా ఉన్న యంత్రం ఆరు దగ్గర కూర్చుంటుంది. 2003లో ఫ్రాన్స్ పరిశోధకులు దీన్ని ప్రయోగంతో చూపించి 802.11 పనితీరులోని అసంగతం అని పేరు పెట్టారు.

వంతులు కాకుండా సమయం సమానంగా ఇస్తే? చెరి సగం సమయం. ల్యాప్‌టాప్‌కు 150, ఫోన్‌కు 3. మొత్తం 12 నుంచి 153కు ఎగబాకింది. ఫోన్‌కు మాత్రం సగం పోయింది. ఇది న్యాయమా? ఫోన్ యజమాని ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆయనకు ఇంకో కోణంలో చూపించవచ్చు: ఆ ఇంట్లో రెండోవాడు కూడా ఆయనలాగే 6 ఎంబీపీఎస్ వాడు అయ్యుంటే, ఆయనకు దక్కేది అప్పుడూ 3 మాత్రమే. పక్కవాడు వేగంగా ఉన్నందుకు ఆయనకేమీ నష్టం రాలేదు.

ఇక మూడో దారి, మొత్తం గరిష్ఠం చేయడం. అంతా ల్యాప్‌టాప్‌కే ఇస్తే 300. మొత్తాన్నే సామర్థ్యం అనుకుంటే ఇదే ఉత్తమం, కాకపోతే ఫోన్ గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది. స్పెక్ట్రమ్ సామర్థ్యాన్ని ఒక్క బిట్లతో కొలిచే నివేదిక ఏది చూసినా నేను ముందు వెతికేది, అందులో ఎవరిని సున్నా చేశారన్నదే.

వీటి మధ్య రాజీ ఒకటి గణితంలోనే ఉంది. అందరి వేగాలనూ గుణించి, ఆ లబ్ధం గరిష్ఠం చేయండి. మొదటి పద్ధతిలో 5.9ని 5.9తో గుణిస్తే సుమారు 35. రెండో పద్ధతిలో 150 ఇంటూ 3, అంటే 450. మూడో పద్ధతిలో 300 ఇంటూ 0, సున్నా. ఎవరినీ పూర్తిగా ముంచకుండా, వేగం ఉన్నవాడిని కట్టేయకుండా నడిపే ఈ సూత్రాన్ని అనుపాత న్యాయం అంటారు. 1990ల చివర్లో గణితవేత్త ఫ్రాంక్ కెల్లీ దీన్ని నెట్‌వర్క్‌ల సిద్ధాంతంలో నిలబెట్టారు. వేగాలు స్థిరంగా ఉన్నప్పుడు దీని జవాబు సమాన సమయమే అవుతుంది. వేగాలు క్షణక్షణం మారేచోట దీని అసలు ప్రతాపం కనిపిస్తుంది. ఆ చోటు మొబైల్ టవర్.

అన్నీ తెలిసిన టవర్

2 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 15 సెంటీమీటర్లు. గోడలకు, వాహనాలకు తగిలి వచ్చే ప్రతిధ్వనులు ఒకచోట కలిసి బలపడతాయి, అక్కడికి కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి నడుస్తున్న మనిషి జేబులోని ఫోన్‌కు సిగ్నల్ సెకనులో అనేకసార్లు లేచి పడుతుంది. ఒకప్పుడు ఇదొక శాపం. తర్వాత ఎవరికో తట్టింది: యాభై మంది ఉంటే, ఏ క్షణంలో చూసినా వాళ్ళలో ఎవరో ఒకరి సిగ్నల్ శిఖరం మీద ఉంటుంది. ఆ క్షణం వాళ్ళకే ఇస్తే? ఎల్‌టీఈ టవర్‌లో వంతులు నిర్ణయించే షెడ్యూలర్ మిల్లీసెకనుకోసారి ఈ పని చేస్తుంది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో 180 కిలోహెర్ట్జ్ చొప్పున వంద బ్లాకులు చేసి, ఏ బ్లాకు ఎవరికన్నది నిర్ణయిస్తుంది. అందరికన్నా బాగున్నవాడిని కాదు, తన సగటు కన్నా ఇప్పుడు ఎక్కువ బాగున్నవాడిని ఎంచుకోవడం మామూలు పద్ధతి. అలా అయితే సెల్ అంచున ఉన్నవాడికీ తన మంచి క్షణాల్లో వంతు వస్తుంది.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది. ఖర్చు? ప్రతి ఫోన్ తన సిగ్నల్ ఎలా ఉందో టవర్‌కు ఎప్పటికప్పుడు చెప్పాలి. ఎవరికి ఏ బ్లాకు వచ్చిందో టవర్ అందరికీ చెప్పాలి. ఎల్‌టీఈలో ఒక మిల్లీసెకనులో ఉండే 14 సమయపు ముక్కల్లో (సింబల్స్) 1 నుంచి 3 దాకా ఈ ప్రకటనలకే పోతాయి. సిగ్నల్ కొలవడానికి పంపే 'పైలట్' సంకేతాలు వేరే. వై-ఫై ఆ ఖర్చును నిశ్శబ్దంగా ఎదురుచూడడంలో కట్టింది. టవర్ దాన్ని సమాచారంగా కడుతోంది. రద్దీ బాగా ఉన్నప్పుడు రెండోదే చవక. అందుకే వై-ఫై 6 కూడా ఈ బ్లాకుల పద్ధతిని అరువు తెచ్చుకుని, 20 మెగాహెర్ట్జ్‌లో ఒకేసారి తొమ్మిది మందికి దాకా పంచుతోంది.

అయినా మొబైల్ సామర్థ్యానికి అన్నిటికన్నా పెద్ద ఊతం ఈ తెలివితేటలేవీ కాదు, దూరం. 1970ల్లో న్యూయార్క్‌లో కారు ఫోన్ సర్వీసుకు ఉన్నవి డజను ఛానెళ్ళు. చందాదారులు ఐదు వందల పైచిలుకు, వెయిటింగ్ లిస్టులో వేల మంది. ఒక పెద్ద యాంటెనా నగరమంతా వినిపిస్తే, నగరమంతటికీ ఆ డజను సంభాషణలే. నగరాన్ని చిన్న సెల్స్‌గా విడగొట్టి, తక్కువ పవర్‌తో, అవే ఫ్రీక్వెన్సీలను కొంత దూరం తర్వాత మళ్ళీ వాడుకోవచ్చని అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో డి.హెచ్. రింగ్ 1947లోనే రాసి పెట్టారు. చేతి ఫోన్ పితామహుడిగా పేరున్న మార్టిన్ కూపర్ లెక్క ఒకటి ప్రసిద్ధం: 45 ఏళ్ళలో వైర్‌లెస్ సామర్థ్యం పది లక్షల రెట్లు పెరిగితే, అందులో కొత్త స్పెక్ట్రమ్ వాటా 25 రెట్లు, సెల్స్‌ను చిన్నవి చేసి తిరిగి వాడుకున్నందుకు వచ్చినది దాదాపు 1,600 రెట్లు. టవర్లు ఎక్కువైతే స్పెక్ట్రమ్ తినేస్తాయని భయపడేవాళ్ళకు ఈ అంకె చూపించాలి.

ఆస్తిగా అమ్మాలా, అందరికీ వదిలేయాలా

ఇప్పటిదాకా ఒకే నెట్‌వర్క్ లోపలి కథ. నెట్‌వర్క్‌ల మధ్య పంపకం ప్రభుత్వాల పని. 1959లో ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్, లైసెన్సులు పంచిపెట్టడం కాదు, వేలం వేయండి అన్నప్పుడు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో మొదటి వేలం 1994లో గానీ జరగలేదు. దానికి పూర్తిగా ఎదురు దిక్కులో 1985లోనే అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇంకో పని చేసింది. మైక్రోవేవ్ ఓవెన్లలాంటివి వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ వంటి 'చెత్త' బ్యాండ్లను తక్కువ పవర్‌తో, లైసెన్సు లేకుండా ఎవరైనా కమ్యూనికేషన్‌కు వాడుకోవచ్చంది. వై-ఫై, బ్లూటూత్ పుట్టింది ఆ చెత్తలోనే. ఈ రెండిట్లో ఏది గొప్ప అన్న వాదన దశాబ్దాలుగా సాగుతోంది. నా ఉద్దేశంలో ఆ వాదన సగం వృథా. కిలోమీటర్ల దూరం వెళ్ళే సిగ్నల్‌కు పొరుగువాళ్ళు లెక్కలేనంతమంది, వాళ్ళతో బేరమాడలేం, కాబట్టి హక్కు ఎవరికో ఒకరికి ఇవ్వాలి. గోడ దాటని సిగ్నల్‌కు లైసెన్సు పెడితే లైసెన్సు ఖర్చే ఎక్కువ.

అసలు ఆసక్తికరమైనది ఈ రెండిటి మధ్య పుట్టింది. లైసెన్సు ఒకరిది, వాళ్ళు వాడనప్పుడు ఇంకొకరు వాడుకోవడం. దీనికి మొదట వేసిన పథకం వినడమే. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానెళ్ళు రాడార్లవి. అక్కడికి వెళ్ళే రూటర్ ముందు 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. మధ్యలో రాడార్ కనిపిస్తే పది సెకన్లలో ఛానెల్ ఖాళీ చేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. ఐరోపాలో వాతావరణ రాడార్లుండే 5600-5650 మెగాహెర్ట్జ్‌లో ముందు వినాల్సింది ఏకంగా పది నిమిషాలు. ఆన్ చేశాక మీ రూటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు ఆలస్యంగా కనిపిస్తే కంగారు పడకండి, అది రాడార్ కోసం వింటూ ఉండవచ్చు.

రాడార్ విషయంలో వినడం పనిచేస్తుంది, ఎందుకంటే రాడార్ తనే పంపుతుంది, తనే వింటుంది. టీవీ అలా కాదు. ఇంటి మీది టీవీ యాంటెనా వినడమే గానీ మాట్లాడదు. వాడని టీవీ ఛానెళ్ళను ఇతరులకు ఇద్దామని ఎఫ్‌సీసీ 2008లో నిబంధనలు తెచ్చినప్పుడు పరికరాలు టీవీ సిగ్నల్‌ను తామే విని పసిగట్టాలంది. లోయలో ఉన్న పరికరానికి టీవీ సిగ్నల్ వినిపించదు. పక్క గుట్ట మీది ఇంట్లో మాత్రం అదే ఛానెల్ చూస్తూ ఉంటారు. 2010కల్లా ఆ షరతు తీసేసి, తన చోటు చెప్పి డేటాబేస్‌ను అడిగితే చాలన్నారు. చెవుల స్థానంలో రికార్డులు వచ్చాయి.

ఆ దారిలో ఇప్పటిదాకా కట్టిన పెద్ద ఏర్పాటు అమెరికాలోని సీబీఆర్ఎస్. 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ వరకూ 150 మెగాహెర్ట్జ్, మూడు అంతస్తులు. పైన నౌకాదళ రాడార్లు, ఉపగ్రహ కేంద్రాల వంటి పాత హక్కుదారులు. మధ్యలో 2020 వేలంలో కొనుక్కున్నవాళ్ళు. అడుగున, పైవాళ్ళు వాడనంతవరకూ ఎవరైనా. అన్నిటినీ సర్దేది క్లౌడ్‌లో నడిచే ఒక సాఫ్ట్‌వేర్. అది చెప్పనిదే ఏ చిన్న టవరూ నోరెత్తకూడదు. యుద్ధనౌక ఎక్కడుందో సైన్యం ముందుగా చెప్పదు కదా, అందుకని తీరం వెంబడి సెన్సర్లు పెట్టారు. వాటికి రాడార్ వినిపించాక 300 సెకన్లలోగా ఆ ప్రాంతంలో అడ్డొచ్చే పరికరాలను ఆపించాలి లేదా వేరే ఫ్రీక్వెన్సీకి పంపాలి. ఇక్కడ కొత్త తలనొప్పి కూడా వచ్చింది: ఆ సెన్సర్లకు నౌక సిగ్నల్ వినిపించాలంటే వాటి చుట్టూ మిగతావాళ్ళు గొంతు తగ్గించాలి. కనిపెట్టే పరికరానికే కొంత స్పెక్ట్రమ్ బలి.

సాఫ్ట్‌వేర్‌కు బదులు రేడియోలే మాట్లాడుకుని సర్దుకుంటే? అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఇదే పోటీగా పెట్టింది. 2019 అక్టోబరులో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం జట్టు గేటర్‌వింగ్స్ 20 లక్షల డాలర్ల మొదటి బహుమతి గెలిచింది. పోటీ నియమాల్లో నాకు నచ్చినది ఒకటి: నువ్వెంత పంపావన్నదే కాదు, నీ పొరుగు జట్లు కనీస స్థాయికి చేరాయా లేదా అన్నదీ నీ మార్కుల్లో కలుస్తుంది. సమర్థత కొలతలో పక్కవాడిని చేర్చారు.

వినేవాడి బాధ్యత ఎంత?

ఇంత చేసినా ఒక మూల చీకటిగానే ఉండిపోయింది. 2022 జనవరిలో అమెరికాలో 3.7 గిగాహెర్ట్జ్ పైన 5జీ మొదలవబోతుండగా విమానయాన రంగం అడ్డం తిరిగింది. నేల ఎంత దూరంలో ఉందో చెప్పే రేడియో ఆల్టిమీటర్లు 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. 5జీకి అమ్మిన బ్యాండ్ 3.98 దగ్గర ఆగిపోతుంది. మధ్యలో 220 మెగాహెర్ట్జ్ ఖాళీ, అంటే ఎన్నో మొబైల్ నెట్‌వర్క్‌లు పట్టేంత చోటు. అయినా కొన్ని పాత ఆల్టిమీటర్ల ఫిల్టర్లు ఎంత వదులుగా ఉన్నాయంటే, అంత దూరంలోని సిగ్నల్ కూడా వాటిలోకి దూరే అవకాశముంది. కొన్ని అంతర్జాతీయ విమాన సంస్థలు సర్వీసులు రద్దు చేసుకున్నాయి. విమానాశ్రయాల దగ్గరి టవర్లను టెలికాం కంపెనీలు ఆపి ఉంచాయి.

ఇందులో తప్పెవరిది? పంపేవాడు తన గీత దాటలేదు. వినేవాడు తన గీత అవతల కూడా వింటున్నాడు. నూరేళ్ళుగా రేడియో చట్టాలు ఎక్కువగా పంపేవాడి చేతులే కట్టాయి. ఎవరైనా నాసిరకం రిసీవర్ తయారు చేసి అమ్మితే, దాని చుట్టూ ఉన్న స్పెక్ట్రమ్ అంతా ఇంకెవరికీ పనికిరాకుండా పోతుంది. ఆ నష్టం ఏ ఖాతాలోనూ కనిపించదు. షికాగో తరహా కొలతల్లో అది 'ఖాళీ'గానే నమోదవుతుంది. ఐరోపా 2014 నాటి రేడియో పరికరాల ఆదేశంతో రిసీవర్ల నాణ్యతను కూడా నిబంధనల్లోకి తెచ్చింది. ఎఫ్‌సీసీ 2023 ఏప్రిల్‌లో రిసీవర్ల మీద ఒక విధాన ప్రకటన చేసింది. అందులో సూత్రాలున్నాయి గానీ ఫలానా ఫిల్టర్ ఉండి తీరాలన్న షరతు లేదు.

ఆల్టిమీటర్ల వ్యవహారం మాత్రం నిబంధనల కోసం ఆగలేదు. విమానాలకు కొత్త ఫిల్టర్లు, కొత్త ఆల్టిమీటర్లు బిగించే పని 2023 అంతా సాగింది. ఆ ఖర్చు విమాన సంస్థల మీద పడింది. వేలంలో వేల కోట్ల డాలర్లు పోసి కొన్న స్పెక్ట్రమ్‌ను విమానాశ్రయాల చుట్టూ ఏడాదిన్నర పాటు పూర్తి పవర్‌తో వాడుకోలేకపోయిన నష్టం టెలికాం కంపెనీల మీద పడింది.